దూరాన్ని దగ్గరికి లాగే లెన్స్ కొనేముందు అంగలు కొలవండి

మా అమ్మ ప్రతి మాఘమాసం చెరువుగట్టు జాతరకు పోయేది. నార్కట్‌పల్లి దగ్గర గుట్ట మీద కొలువైన జడల రామలింగేశ్వర స్వామి సన్నిధిలో రాత్రంతా మేలుకొని, తెల్లవారుజామున అగ్నిగుండాలు చూసి, పొద్దెక్కాక ఇల్లు చేరేది. మోకాళ్ల నొప్పులు ముదిరాక ఆ ప్రయాణం ఆగిపోయింది. "నువ్వన్నా పోయి వీడియో తీసుకొనిరా కొడుకా, ఇంట్ల కూసొని చూస్త" అని అడిగింది.

అప్పటికే నా దగ్గర సోనీ జడ్‌వీ-ఈ10 ఉంది. బ్యాటరీ, కార్డు కలిపి 343 గ్రాములు తూగే చిన్న వీడియో కెమెరా. దానికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెద్ద జూమ్ లెన్స్ ఒకటి తగిలించుకొని గుట్ట ఎక్కాను. నిప్పుల మీద నడిచే భక్తులకు అడ్డం పోకూడదు, పోనివ్వరు కూడా. బారికేడ్ల వెనక నిలబడి గంటన్నర తీశాను. ఇంటికొచ్చి టీవీలో పెడితే అమ్మ రెండు నిమిషాలు చూసి కళ్లు మూసుకుంది. "కండ్లు తిరుగుతున్నయి బిడ్డా, ఆపు" అంది. దూరంగా ఉన్న మనుషులు దగ్గరికైతే వచ్చారు. కానీ వాగు నీళ్లలో నీడల్లా ఒకటే ఊగుతున్నారు.

ఆ లెన్స్‌లో వణుకును ఆపే ఏర్పాటే లేదని నాకు ఆ తర్వాత తెలిసింది. అమ్మిన షాపులో "ఇందులో స్టెబిలైజేషన్ ఉంది" అనే చెప్పారు. నేనూ అక్కడే పరీక్షించాను. పట్టపగలు రోడ్డు మీదికి తిప్పి పది ఫొటోలు తీసి చూశాను, అన్నీ కత్తిలా వచ్చాయి. ఫొటోతో పరీక్షించడమే నేను చేసిన తప్పు. అది ఎందుకు తప్పో ముందు చెప్పాలి, మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది.

ఎండలో ఫొటో తీసేటప్పుడు కెమెరా షట్టర్‌ను, అంటే ఒక్కో బొమ్మకు వెలుతురు లోపలికి వదిలే సమయాన్ని, సెకనులో వెయ్యో వంతుకు పెట్టేస్తుంది. అంత తక్కువ సమయంలో చెయ్యి ఎంత వణికినా బొమ్మలో కనిపించదు. వీడియోలో ఆ వెసులుబాటు లేదు. మనుషుల కదలిక సహజంగా కనిపించాలంటే షట్టర్ 1/50 దగ్గర, అంటే సెకనులో యాభయ్యో వంతు దగ్గర ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద కూడా 1/50 పెడితే గీతలు పాకకుండా ఉంటాయి. సెకనుకు 30 ఫ్రేములు తీసేవాళ్లు కూడా 1/60కి బదులు 1/50 పెట్టుకోవడం మంచిది. అంటే ఎంత వెలుతురున్నా మన షట్టర్ అక్కడే కట్టేసి ఉంటుంది. చేతి వణుకంతా బొమ్మలోకి దిగుతుంది.

ఎంత దిగుతుందో లెక్క వేసుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. లెన్స్ మీద రాసే ఎంఎం అంకె ఎంత పెద్దదైతే అంత దూరాన్ని లాగుతుంది. చెయ్యి ఒక డిగ్రీలో పదో వంతు కదిలిందనుకుందాం. లెన్స్ 18 ఎంఎం దగ్గర ఉంటే, 4కె ఫ్రేమ్ వెడల్పులో ఉండే 3840 పిక్సెళ్లలో బొమ్మ 5 పిక్సెళ్లు జరుగుతుంది. అదే చెయ్యి, అదే వణుకు, 350 ఎంఎం దగ్గర 100 పిక్సెళ్లు జరుపుతుంది. దూరాన్ని లాగే కొద్దీ వణుకు కూడా అంతే లెక్కన పెరుగుతుంది. అందుకే ఇలాంటి చిన్న కెమెరాకు టెలిఫొటో జూమ్, అంటే దూరాన్ని లాగే లెన్స్, కొనేవాళ్లు మొదట చూడాల్సింది స్టెబిలైజేషన్. ఎంత దూరం లాగుతుందన్నది తర్వాత.

కెమెరాలోనే స్టెబిలైజేషన్ ఉంది కదా అని కొందరంటారు. జడ్‌వీ-ఈ10లో సెన్సర్‌ను, అంటే లోపల బొమ్మ పడే పలకను, కదిలించి వణుకు ఆపే ఏర్పాటు లేదు, దాని తర్వాత వచ్చిన రెండో మోడల్‌లో కూడా లేదు. అందులో ఉన్న యాక్టివ్ మోడ్ ఫ్రేమ్ అంచులు కొంత కోసేసి, మిగిలిన బొమ్మను సర్దుతుంది. పగటిపూట నడుస్తూ తీయడానికి అది పనికొస్తుంది. చీకట్లో 1/50 దగ్గర ఒక్కో ఫ్రేమ్‌లో పడిన మసకను మాత్రం అది తుడవలేదు. బొమ్మ నిలబడినట్టే ఉంటుంది, మొహాలు మాత్రం ఉండి ఉండి అలుక్కుపోతుంటాయి. ఎడిటింగ్‌లో సాఫ్ట్‌వేర్‌తో సర్దినా ఇదే సమస్య. సోనీ వాళ్లవే ఏ6700, ఎఫ్‌ఎక్స్30 లాంటి కెమెరాల్లో సెన్సర్ కదులుతుంది, అది నిజంగా మేలు చేస్తుంది. అయినా పొడవైన లెన్స్ దగ్గర బొమ్మ అంతంత జరుగుతుంటే సెన్సర్ కదలగలిగే చోటు కొద్దిదే. ఆ దూరాల్లో లెన్స్ లోపల గాజును జరిపి సర్దే పద్ధతే బాగా నిలబెడుతుంది.

ఈ కెమెరాకు కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ లేదన్నది చాలామంది పట్టించుకోని సంగతి. కంటికి ఆనించే కెమెరాకు రెండు చేతులతో పాటు మన తల కూడా ఆసరా అవుతుంది. దీన్ని ముందుకు చాపి స్క్రీన్ చూస్తూ తీయాలి కాబట్టి చేతులు తొందరగా అలిసిపోతాయి. నేను మెడలో బెల్టు వేసుకొని, అది బిగుసుకునే దాకా కెమెరాను ముందుకు నెట్టి పట్టుకుంటాను. ఎడమ అరచెయ్యి లెన్స్ కింద, రెండు మోచేతులు పక్కటెముకలకు ఆనించి. ఈ ఒక్క అలవాటుతో వణుకు కళ్ల ముందే తగ్గుతుంది.

లెన్స్ మీది అక్షరాలు

స్టెబిలైజేషన్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, లెన్స్ మీదే రాసి ఉంటుంది. సోనీ దాన్ని ఓఎస్ఎస్ అని రాస్తుంది. టామ్రాన్ వీసీ అంటుంది, సిగ్మా ఓఎస్, కెనాన్ ఐఎస్, నికాన్ వీఆర్, పానాసోనిక్ ఓఐఎస్. ఆ అక్షరాలు లేకపోతే ఆ గుణం లేనట్టే. ఒకే కంపెనీ లెన్సుల్లో కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. సోనీ కెమెరాలకు తగిలే టామ్రాన్ 70-300కి లేదు, 18-300కి ఉంది. టామ్రాన్ 70-180 ఎఫ్2.8 మొదటి రకానికి లేదు, జీ2 అని వచ్చిన రెండో రకానికి ఉంది. సెన్సర్ కదిలే ఏ6700 లాంటి కెమెరాతో వాడేవాళ్లకు ఆ గుణం లేనివీ మంచి లెన్సులే. మన చిన్న కెమెరా మీద చేత్తో పట్టుకొని తీయడానికి మాత్రం కుదరవు.

పెళ్లిళ్ల స్టూడియోల్లో పాత కెనాన్ లెన్సులు ఊరికే పడి ఉంటాయి, అడాప్టర్ వేసి వాడుకోవచ్చా అని అడుగుతుంటారు. కరెంటు అందించే అడాప్టర్ అయితే కెనాన్ ఐఎస్ పనిచేస్తుంది, వీడియోలో ఆటోఫోకస్ మాత్రం సొంత లెన్స్ అంత చురుగ్గా ఉండదు. కరెంటు అందించే కాంటాక్టులు లేని చవక రింగ్ అడాప్టర్ అయితే ఐఎస్‌కు కరెంటే అందదు, అపర్చర్ (వెలుతురు వచ్చే కన్నం) కూడా మార్చలేం. ఆ రింగ్ కొనకండి.

అంగల లెక్క

ఇప్పుడు దూరం సంగతి. కొనేముందు మీరు ఎక్కువగా ఎక్కడ తీస్తారో అక్కడికి కెమెరా లేకుండా ఒకసారి వెళ్లండి. మీరు నిలబడే చోటు నుంచి తీయాల్సిన మనిషి ఉండే చోటు దాకా అంగలు వేసి లెక్కపెట్టండి. నా అంగ ముప్పావు మీటరు. చెరువుగట్టులో నేను నిలబడిన చోటు నుంచి గుండం దాకా జనం లేనప్పుడు పోయి కొలిస్తే 40 అంగలు వచ్చింది, అంటే 30 మీటర్లు. అంతకుముందు ఎవరైనా అడిగితే కచ్చితంగా 60, 70 మీటర్లు అని చెప్పేవాణ్ని. రాత్రిపూట, జనంలో, దూరం ఎక్కువగా అనిపిస్తుంది. ఆ అంచనాతోనే అవసరానికి మించిన లెన్స్ కొన్నాను.

దూరం తెలిశాక లెక్క సులువు. మీటర్లలో ఉన్న దూరాన్ని 23.5తో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగిస్తే ఫ్రేమ్ వెడల్పు మీటర్లలో వస్తుంది. 23.5 అనేది ఈ కెమెరా సెన్సర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. నిలబడ్డ మనిషి నిలువెత్తున ఫ్రేమ్‌లో సరిపోవాలంటే ఎత్తు 2 మీటర్లు కావాలి, అప్పుడు వెడల్పు సుమారు 3.6 మీటర్లు ఉంటుంది. 30 మీటర్ల దూరానికి లెక్క వేస్తే 196 ఎంఎం వస్తుంది. 15 మీటర్లయితే 98 చాలు. 50 మీటర్లయితే 326 కావాలి. నడుము పై భాగమే కావాలంటే ఈ అంకెలు రెట్టింపు అవుతాయి.

ఇందులో ఒక కలిసొచ్చే విషయం ఉంది. ఈ కెమెరాలో 4కెని సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే సెన్సర్ అంచులు వదిలేసి 1.23 రెట్లు దగ్గరగా తీస్తుంది. 24 ఫ్రేముల్లో పూర్తి వెడల్పు వాడుతుంది. అంటే 30లో పెడితే 105 ఎంఎం లెన్స్ దాదాపు 129 ఎంఎం పని చేస్తుంది. దానిపైన క్లియర్ ఇమేజ్ జూమ్ అని కెమెరాలో ఒకటుంది, 4కెలో ఒకటిన్నర రెట్ల దాకా వెళ్తుంది. పగటి వెలుతురులో తీసింది టీవీలో చూసినా నాకు తేడా పెద్దగా కనిపించలేదు. రాత్రిపూట మాత్రం చుక్కలు చుక్కలుగా తేలుతుంది, అప్పుడు వాడను. కాబట్టి మీ లెక్కకు 150 ఎంఎం అని వస్తే 300 ఎంఎం లెన్స్ వైపు పరుగెత్తకండి. లెక్కకు సరిపోయే వాటిలో పొట్టి లెన్స్ తీసుకోండి. పొట్టిది తేలిగ్గా ఉంటుంది, వణుకు తక్కువ, చాలాసార్లు వెలుతురు కూడా ఎక్కువ పట్టుకుంటుంది.

వెలుతురు గురించి కొంచెం ఓపిగ్గా

నన్ను అడిగేవాళ్లందరూ తొందరగా దాటేసే చోటు ఇదే. నేను మాత్రం ఇక్కడే ఎక్కువ ఆగుతాను. ఎందుకంటే మన దగ్గర చూడదగినవి చాలావరకు చీకట్లోనే జరుగుతాయి. చెరువుగట్టు అగ్నిగుండాలు తెల్లవారకముందు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో "ఓ లింగా" అంటూ గంపలతో జనం కదిలి వచ్చేది రాత్రి. కురుమూర్తి జాతరలో కూడా రాత్రి జనమే వేరు. ఊళ్లో ఒగ్గు కథ పెడితే తెల్లవార్లూ సాగుతుంది. బతుకమ్మ సాయంత్రం చీకటి పడ్డాకే ఊపందుకుంటుంది.

ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది. లెన్స్ పేరు పక్కన ఎఫ్4.5-6.3 అని రెండు అంకెలుంటే, జూమ్ లాగే కొద్దీ వెలుతురు తగ్గిపోతుందని అర్థం. మొదటి అంకె పొట్టి చివరికి, రెండోది పొడుగు చివరికి. మనం టెలిఫొటో కొనేదే పొడుగు చివర వాడటానికి కాబట్టి రెండో అంకెనే చూడండి. ఎఫ్6.3 లెన్స్ కంటే ఎఫ్4 లెన్స్ రెండున్నర రెట్లు వెలుతురు లోపలికి తెస్తుంది. ఐఎస్ఓ అంటే కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. ఎఫ్4 దగ్గర ఐఎస్ఓ 3200తో వచ్చే బొమ్మకు ఎఫ్6.3 దగ్గర 8000 కావాలి. ఫొటోలో అయితే షట్టర్ నెమ్మది చేసుకుంటాం, ఇక్కడ షట్టర్ 1/50 దాటి రాలేదు. ఐఎస్ఓ పెంచడం ఒక్కటే దారి. పెంచితే నిప్పుల ఎరుపు పక్కన ఉండే చీకటంతా ఇసుక చల్లినట్టు అవుతుంది, ఆటోఫోకస్ కూడా వెతుక్కుంటూ ముందుకూ వెనక్కూ పోతుంటుంది.

స్టెబిలైజేషన్ చీకటికి మందు అనుకునేవాళ్లున్నారు. అది మన చేతి వణుకునే ఆపుతుంది. గుండం మీద గబగబా అడుగులేసే మనిషి కదలికను ఆపలేదు, వెలుతురును పెంచలేదు. రాత్రి పనికి రెండూ కావాలి, ఆ అక్షరాలూ, చిన్న ఎఫ్ అంకె కూడా.

రెండో ఏడు నేను సోనీ 18-105 ఎఫ్4 ఓఎస్ఎస్ తీసుకొని పోయాను. పొడవు తగ్గింది, మనుషులు నిలువెత్తున కాకుండా కొంచెం చిన్నగానే వచ్చారు. కానీ బొమ్మ నిలబడింది, నిప్పుల వెలుగు మొహాల మీద పడి మొహాలు తెలిశాయి. అమ్మ మొత్తం చూసింది. మధ్యలో ఒకచోట ఆపించి, వెనక్కి తిప్పించి, "గామె మన ఎనకింటి లచ్చక్క కదరా" అని టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించింది. నాకు ఆ లెన్స్ మీద గురి కుదిరింది అప్పుడే.

ఏది ఎవరికి

18-105 ఎఫ్4 గురించి ఇంకొంచెం చెప్తాను. బరువు 427 గ్రాములు. ఎంత జూమ్ చేసినా పొడవు మారదు, గొట్టం బయటికి రాదు. ఇందులో మోటారు జూమ్ ఉంది, కెమెరా మీద షట్టర్ బటన్ చుట్టూ ఉండే చిన్న మీటతో మెల్లగా, ఒకే వేగంతో దగ్గరికి పోవచ్చు. చేత్తో రింగు తిప్పితే ఇంత నున్నగా రాదు, పైగా తిప్పినప్పుడల్లా కెమెరా కదులుతుంది. రింగు తిప్పినా లోపల మోటారే తిప్పుతుంది కాబట్టి కొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది, అది నాకు నచ్చని విషయం. జాతరలు, పెళ్లిళ్లు, స్కూలు వార్షికోత్సవాలు, కబడ్డీ, వీటికి నేను చెప్పే మొదటి పేరు ఇదే.

పగటి పనే ఎక్కువ, బరువు వద్దు అనుకునేవాళ్లకు 18-135 ఎఫ్3.5-5.6 ఓఎస్ఎస్ 325 గ్రాములే. 55-210 ఓఎస్ఎస్ 345 గ్రాములు, పాత లెన్స్, సెకండ్ హ్యాండ్‌లో సులువుగా దొరుకుతుంది. ఎండలో బాగుంటుంది, దీపాలు పెట్టాక సంచిలో పెట్టేయండి.

70-350 ఓఎస్ఎస్ మంచి లెన్స్. బరువు 625 గ్రాములు, కెమెరాకు దాదాపు రెట్టింపు. ముందుకు తూలుతుంది కాబట్టి కెమెరాను కాకుండా లెన్స్‌నే పట్టుకోవాలి. పక్షులు, జింకలు, సాగర్ గేట్లు తీసేవాళ్లకు ఇది. నారాయణపేట జిల్లాలో మాగనూరు, కృష్ణా మండలాల చేలల్లోకి కృష్ణ జింకలు మందలుగా దిగుతాయి. వాటి దగ్గరికి పోలేం, పోతే పారిపోతాయి, పైర్లు తొక్కుతాయి. గట్టు మీద చెట్టు నీడన కూర్చొని తీయడానికి 350 కావాల్సిందే. చివర ఎఫ్6.3 అయినా ఎండలో ఇబ్బంది లేదు.

ఒకే లెన్స్‌తో అన్నీ కావాలి, మార్చే ఓపిక లేదు అంటే టామ్రాన్ 18-300 వీసీ ఉంది, 620 గ్రాములు. దుమ్ము లేచే చోట లెన్స్ మార్చకుండా ఉండటం నిజంగా పెద్ద సుఖం. పొడుగు చివర అదీ ఎఫ్6.3 అని గుర్తుంచుకోండి.

చీకటీ దూరమూ రెండూ ఉన్న పనికి సోనీ 70-200 ఎఫ్4 ఓఎస్ఎస్ మొదటి రకం, 840 గ్రాములు. ఇదీ జూమ్ చేస్తే పొడవు మారదు, స్టాండ్‌కు బిగించే పట్టీ లెన్స్‌కే ఉంటుంది. ఖరీదైనది. ఏడాదికి ఒకటి రెండు రాత్రుల కోసమైతే హైదరాబాద్‌లో రోజు అద్దెకు తెచ్చుకోండి. నేను ఏ లెన్స్ కొనాలన్నా ఇప్పుడు ముందు ఒక రోజు అద్దెకు తెచ్చి వాడతాను. మొదటిసారే ఈ పని చేసి ఉంటే అమ్మకు ఒక జాతర పోయేది కాదు.

ఎండ, దుమ్ము, గాలి

లెన్స్ తప్పు కాని వాటికి లెన్స్‌ను తిట్టడం నేను చాలా చూశాను. మార్చి నుంచి మే దాకా మన దగ్గర పొద్దున పది దాటాక నేల నుంచి వేడి గాలి లేస్తుంది. రోడ్డు మీద ఎండమావి కనిపిస్తుందే, అదే గాలి గుండా 350 ఎంఎంతో తీస్తే జింక కాళ్లు మైనంలా కరిగి కదులుతుంటాయి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దాన్ని ఆపలేదు. పొద్దు పొడిచిన రెండు గంటల లోపు తీయండి, కుదరకపోతే దగ్గరికి పోయే దారి చూడండి.

నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తినప్పుడు కింది వంతెన మీద నుంచి తీసే సరదా అందరికీ ఉంటుంది. అక్కడ స్టాండ్ వేసి లెన్స్ లాగితే, పక్కన లారీ పోయినప్పుడల్లా బొమ్మ గజగజలాడుతుంది. వంతెనే వణుకుతుంది కాబట్టి స్టాండ్ ఆ వణుకును నేరుగా కెమెరాకు అందిస్తుంది. నేను అక్కడ స్టాండ్ మడిచేసి చేత్తోనే పట్టుకుంటాను, మన ఒళ్లు కొంత వణుకును మింగేస్తుంది, మిగిలింది లెన్స్ చూసుకుంటుంది. నీటి తుంపర ముందు గాజు మీద పడుతుంది కాబట్టి జేబులో మెత్తటి గుడ్డ ఉండాలి. అన్నట్టు, కిలోమీటరు దూరం నుంచి 350 ఎంఎం పెట్టినా ఫ్రేమ్ వెడల్పు 67 మీటర్లు ఉంటుంది. ఒక్క గేటునే నింపాలని ఇంకా పెద్ద లెన్స్ వెతకొద్దు. నాలుగు గేట్ల నీళ్లు ఒకేసారి కనిపిస్తేనే ఆ ఉరవడి తెలుస్తుంది.

మామూలు నేల మీద గట్టి స్టాండ్ వేస్తే స్టెబిలైజేషన్ ఆపేయండి. ఆపకుండా కెమెరాను పక్కకు తిప్పితే లెన్స్ మొదట ఆ తిప్పడాన్నే వణుకనుకొని పట్టి ఉంచుతుంది, తర్వాత ఒక్కసారి వదిలేస్తుంది, బొమ్మ దూకుతుంది. ఒంటికాలి మోనోపాడ్ మీద మాత్రం ఆన్‌లోనే ఉంచాలి. జాతర జనంలో మూడు కాళ్ల స్టాండ్ ఎవరి కాలికో తగులుతుంది, మోనోపాడే మేలు. ఇంకోటి, ఈ కెమెరాతో లెన్స్ లాగి వేగంగా పక్కకు తిప్పితే కరెంటు స్తంభాలు ఒరిగిపోయినట్టు వస్తాయి. అది సెన్సర్ గుణం, మెల్లగా తిప్పడమే మందు.

మన మొరం దుమ్ము సంగతి తెలిసిందే. జూమ్ చేసినప్పుడు గొట్టం బయటికి వచ్చే లెన్స్ సైకిల్ పంపులా గాలినీ దుమ్మునూ లోపలికి లాగుతుంది. దుమ్ములో ఎక్కువ పని ఉంటే పొడవు మారని లెన్స్‌కు నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

పట్టపగలు ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు తగిలించి వెలుతురు తగ్గించే నల్లటి గాజు, కూడా కావాలి. ఐఎస్ఓ 100, షట్టర్ 1/50 పెడితే మండుటెండలో ఎఫ్22 దాకా మూయాల్సి వస్తుంది, అంత మూస్తే బొమ్మ మెత్తబడుతుంది. ఎఫ్5.6 దగ్గర తీయాలంటే నాలుగు స్టాపులు తగ్గించే ఫిల్టర్ వేయాలి, ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది. 18-105కి 72 ఎంఎం ఫిల్టర్ పడుతుంది, 70-350కి 67, 55-210కి 49. పెద్దది ఒకటి కొని చిన్న లెన్సులకు రింగులతో తగిలించుకోవచ్చు. చవక రకం తిప్పే ఫిల్టర్ పొడవైన లెన్స్ ముందు బొమ్మను మసక చేస్తుంది, ఇక్కడ పిసినారితనం వద్దు.

షాపులో ఏం చేయాలి

మీ కెమెరా, మీ కార్డు పట్టుకొని వెళ్లండి. లెన్స్ తగిలించి పూర్తిగా లాగండి. వీడియో మోడ్, షట్టర్ 1/50. వీధి చివర ఉన్న బోర్డునో స్తంభాన్నో చూస్తూ ఇరవై సెకన్లు తీయండి. తర్వాత మెనూలో స్టెడీషాట్ (స్టెబిలైజేషన్‌కు సోనీ పెట్టిన పేరు) ఆపేసి మళ్లీ ఇరవై సెకన్లు. రెండూ పక్కపక్కన చూస్తే స్టెబిలైజేషన్ పనిచేస్తోందో లేదో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. యాక్టివ్ మోడ్‌లో పరీక్షించకండి, కెమెరా చేసే పనిని లెన్స్ చేసినట్టు పొరబడతాం. ఇంటికి పోయేముందు మెనూలో మళ్లీ ఆన్ చేసుకోవడం మరవొద్దు.

కెమెరా ఆపి లెన్స్‌ను మెల్లగా ఊపితే లోపల ఏదో కదిలినట్టు చప్పుడు రావచ్చు. స్టెబిలైజేషన్ ఉన్న లెన్సుల్లో ఆ గాజు వదులుగా ఉంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు. ఆన్ చేశాక కూడా గరగరమంటుంటే, లేదా బొమ్మ ఉన్నట్టుండి ఒక పక్కకు గెంతుతుంటే వదిలేయండి. ఒక ఇటుక గోడను నేరుగా తీసి నాలుగు మూలలూ చూడండి, ఒక వైపు మాత్రమే మసకగా ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడి ఉంటుంది. ఫోన్ టార్చ్‌ను వెనక నుంచి వేసి చూస్తే బూజు ఉన్నది సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. నాలుగు దుమ్ము చుక్కలకు భయపడొద్దు, బూజు ఉంటే మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

ఇంకో మాట. లెన్స్ బొమ్మను దగ్గరికి తెస్తుంది, చప్పుడును తేలేదు. 30 మీటర్ల అవతల ఒగ్గు కథ చెప్పే మనిషి మొహం తెర నిండా ఉండి, మాట మాత్రం పక్కన ఐస్‌క్రీం బండి గంటలో కలిసిపోతే చూసేవాళ్లు ఎక్కువసేపు ఉండరు. చిన్న సౌండ్ రికార్డర్ ఒకటి అడిగి వేదిక దగ్గర పెట్టించండి. లెన్స్ బడ్జెట్‌లోంచే దానికి కొంత పక్కన పెట్టాలి.

ఈ మధ్య మిర్యాలగూడ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు కూడా ఇదే కెమెరా కొన్నాడు, కబడ్డీ మ్యాచ్‌లు తీస్తాడట. "మామా, 70-350 చూసి పెట్టిన, పైసలు కట్టాల్నా?" అన్నాడు. ముందు గ్రౌండ్‌కు పోయి అంగలు కొలువు అన్నాను. సాయంత్రానికి లెక్క పంపాడు. వాడు నిలబడే చోటు నుంచి కోర్టు మధ్య దాకా 20 అంగలు, అంటే 15 మీటర్లు. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, సగం కోర్టు ఆరున్నర. ఆ సగం మొత్తం కనిపించడానికి 54 ఎంఎం చాలు, రైడర్ ఒక్కడే నిలువెత్తున కావాలంటే 98. పైగా ఫైనల్ మ్యాచ్‌లు ఫ్లడ్‌లైట్ల కింద. 18-105 ఎఫ్4 తీసుకో, మిగిలిన దాంట్లో మోనోపాడ్, రికార్డర్ వస్తాయని చెప్పాను. "మరి వానాకాలంల సాగర్ గేట్లు లేపితే ఎట్ల మామా?" అన్నాడు. అప్పుడు 70-350 రెండు రోజులకు అద్దెకు తెద్దాం, నేనూ వస్తానన్నాను.